చిన్న వానలకే వాగు ఎందుకు తెగుతోంది? కట్టడాలు పెరిగిన చోట కోత లెక్క

క్లుప్తంగా: ఊరు పెరిగితే వాగుకు వరద పెరుగుతుందని అందరూ ఒప్పుకుంటారు. అయితే వాగు అడుగు దిగిపోవడానికీ గట్లు విరిగిపడటానికీ అసలు కారణం ఎప్పుడో వచ్చే మహా వరద కన్నా ఏడాదిలో చాలాసార్లు పడే మామూలు వానలే. నేల మీద కాంక్రీటు పరుచుకున్నాక ఆ వానలకు రాయిని కదిలించే బలం వస్తుంది. పైగా కట్టడాలు పూర్తయిన ఊరి నుంచి వాగుకు ఇసుక, గులకరాయి తక్కువగా వస్తాయి. ఈ రెంటినీ పట్టించుకోకుండా కట్టే నీటి కుంటలు, రాతి గోడలు కోతను ఆపలేవు, కొన్నిచోట్ల పెంచుతాయి కూడా.

వాగు గట్టు విరిగిపడి ఏ ప్రహరీయో, కరెంటు స్తంభమో అందులోకి ఒరిగినప్పుడు వినిపించే మాట దాదాపు ఒకటే: ఈసారి వాన మరీ ఎక్కువ పడింది. అందులో కొంత నిజం ఉండొచ్చు గానీ, ఊరు రాకముందు ఇంతే వాన పడ్డప్పుడు అదే గట్టు ఎలా నిలబడింది అంటే జవాబు దొరకదు. వాగులన్నాక కోసుకుంటూనే ఉంటాయి, అది సహజమే అని ఇంకో వాదన. అదీ తప్పు కాదు. ఒక గట్టున కోత, ఎదుటి గట్టున మేట, అలా వెడల్పు పెద్దగా మారకుండా వాగు మెల్లగా పక్కకు జరగడం మామూలే. కానీ రెండు గట్లూ ఒకేసారి నిట్టనిలువుగా తెగి, ఎక్కడా మేట కనిపించక, అడుగు ఏటికేడు కిందికి దిగుతోందంటే అది వేరే సంగతి. ఇక్కడ చెప్పుకునేది ఆ రెండో రకం కోత గురించే.

## చిన్న వాగుకే ముందు దెబ్బ

వాన పడ్డాక నీళ్లన్నీ పారి చివరికి ఏ వాగులో కలుస్తాయో, ఆ నేలంతా ఆ వాగుకు పరీవాహక ప్రాంతం. పెద్ద నదులకు ఇది లక్షల చదరపు కిలోమీటర్లు ఉంటుంది. చిన్న వాగుకు ఒకటి నుంచి పది, ఇరవై చదరపు కిలోమీటర్లు, ఒక్కోసారి అంతకన్నా తక్కువే.

ఇంత చిన్న నేల మీద మబ్బు కమ్మితే మొత్తం మీద ఒకేసారి కురుస్తుంది. నదిలో అయితే ఒక ఉపనది పొంగుతున్నప్పుడు ఇంకోటి మామూలుగా పారుతూ ఉంటుంది, ఎక్కడో కురిసిన నీళ్లు దిగువకు చేరేసరికి ఒకటి రెండు రోజులు పట్టి జోరు తగ్గుతుంది. వాగుకు ఆ వెసులుబాటు లేదు. రెండు చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో 40 హెక్టార్ల లేఅవుట్ ఒక్కటి వచ్చిందంటే 20 శాతం నేల మారిపోయినట్టే, అదే లేఅవుట్ పెద్ద నది లెక్కల్లో కనిపించను కూడా కనిపించదు. దానికి తోడు ఇలాంటి వాగులు చాలావరకు ఏడాదిలో కొన్ని నెలలు ఎండి ఉంటాయి, వాటిలో ప్రవాహం కొలిచే గేజీలు పెట్టడం అరుదు. కాబట్టి మార్పు మొదలైన సంగతి గట్టు కూలేదాకా ఎవరి దృష్టికీ రాదు.

## కాంక్రీటు కన్నా పైపుదే ఎక్కువ పాత్ర

ఒక హెక్టారు నేల మీద 10 మిల్లీమీటర్ల వాన పడిందంటే లక్ష లీటర్ల నీరు పడ్డట్టు. చెట్లు, గడ్డి, ఆకుల పొర ఉన్న నేల అయితే అందులో ఎక్కువ భాగాన్ని తనలోనే ఉంచుకుంటుంది. కొంత ఆకుల మీదే ఆరిపోతుంది, కొంత చిన్న చిన్న గుంటల్లో నిలుస్తుంది, మిగిలింది వేర్లూ పురుగులూ చేసిన బొరియల్లోంచి ఇంకి, రోజుల తరబడి నేల లోపలి దారిలో మెల్లగా వాగుకు చేరుతుంది. పైపైన పారేది పదో వంతు అనుకుంటే పది వేల లీటర్లు. అదే చోట తారు, రేకులు, శ్లాబు ఉంటే 90 వేల లీటర్లు పారడం అతిశయోక్తి కాదు. అమెరికాలో వాననీటి నిర్వహణ మీద పనిచేసిన థామస్ షూలర్ 1994లో ఇచ్చిన లెక్క ప్రకారం ఒక ఎకరా పార్కింగ్ స్థలం నుంచి పారే నీరు అంతే గడ్డి మైదానం నుంచి పారే దానికి దాదాపు 16 రెట్లు.

ఇక్కడితో ఆగిపోతే సగం కథే. ఇంటి కప్పు మీద పడ్డ నీరు పెరట్లోకి వదిలితే అందులో చాలా భాగం మళ్లీ నేలలోకే పోతుంది. అదే కప్పు నుంచి గొట్టం, గొట్టం నుంచి వీధి డ్రైను, అక్కణ్నుంచి నేరుగా వాగులోకి పైపు ఉంటే, కప్పు మీద పడ్డ చినుకు నిమిషాల్లో వాగులో ఉంటుంది. అందుకే పరిశోధకులు నీరు ఇంకని నేల మొత్తం ఎంత అని చూసి ఊరుకోరు, అందులో డ్రైన్ల ద్వారా వాగుకు నేరుగా కలిసి ఉన్నది ఎంత అని విడిగా చూస్తారు. థామస్ హామర్ 1972లో ఫిలడెల్ఫియా పరిసరాల్లోని 78 చిన్న పరీవాహకాలను పోల్చి చూసినప్పుడు తేలిందీ ఇలాంటిదే. భూగర్భ డ్రైన్లు ఉన్న వీధులు, పెద్ద పార్కింగ్ స్థలాలు ఎక్కువగా ఉన్న చోట వాగులు బాగా పెద్దవయ్యాయి, డ్రైన్లు లేని వీధుల్లో విడివిడి ఇళ్లున్న చోట అంతగా కాలేదు.

పచ్చగా కనిపించే ఖాళీ జాగాలన్నీ నీటిని పీలుస్తాయనుకోవడం కూడా పొరపాటే. నిర్మాణం అప్పుడు పైమట్టి ఎత్తేసి, యంత్రాలు తొక్కితొక్కి గట్టిపరిచిన నేల మీద తర్వాత లాన్ వేస్తే, ఆ లాన్ పాత గడ్డి నేలలా నీటిని తీసుకోలేదు.

## రాయి కదలడానికి ఒక హద్దు ఉంది

వాగులో నీళ్లు పారుతున్నంత మాత్రాన కోత జరగదు. అడుగునున్న ఇసుక, రాయి కదలాలంటే నీటి ఈడ్పు ఒక హద్దు దాటాలి. ఈ ఈడ్పు రెండింటి మీద ఆధారపడుతుంది: నీటి లోతు, వాగు వాలు. ఒక ఉదాహరణ తీసుకుంటే, వంద మీటర్ల దూరంలో ఒక మీటరు దిగే వాగులో నీళ్లు 20 సెంటీమీటర్ల లోతున పారుతున్నప్పుడు అడుగు మీద చదరపు మీటరుకు సుమారు 20 న్యూటన్ల ఈడ్పు పడుతుంది. నాలుగు సెంటీమీటర్ల గులకరాయి దానికి చలించదు. లోతు 30 సెంటీమీటర్లయితే ఈడ్పు 29 న్యూటన్లకు చేరుతుంది, ఆ రాయి కదలడం మొదలయ్యేది సరిగ్గా ఆ దరిదాపుల్లోనే. 50 సెంటీమీటర్లయితే వాగు అడుగులో ఆ సైజు రాళ్లు దొర్లుకుంటూ పోతాయి.

అంటే 20 సెంటీమీటర్ల లోతున ఎన్ని గంటలు పారినా పెద్దగా ఏమీ జరగని వాగులో, ఇంకో పది, పదిహేను సెంటీమీటర్లు పెరిగితే పని మొదలవుతుంది. చిన్న వానలు ప్రమాదకరంగా మారేది ఇక్కడే. ఇదివరకు వాగును తడిపి వెళ్లిపోయిన వాన, డ్రైన్లు వచ్చాక ఆ హద్దు దాటే వాన అవుతుంది. అది ఏడాదికి ఒకసారి వచ్చేది కాదు, సీజన్‌లో పదీ పదిహేనుసార్లు రావచ్చు.

1975లో జి. ఇ. హాలిస్ అనే పరిశోధకుడు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను దగ్గర పెట్టుకుని చూపించిన పోలిక దీన్ని బాగా చెబుతుంది. పరీవాహకంలో 30 శాతం నేల కప్పేస్తే వందేళ్లకొకసారి వచ్చే స్థాయి వరద రెట్టింపు కావచ్చు. చిన్న వరదలు మాత్రం పది రెట్లు పెరగొచ్చు. కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. మహా వానప్పుడు నేల ఎలాగూ తడిసి ముద్దయి ఉంటుంది, ఇంకేది తక్కువ, కాబట్టి కాంక్రీటు కొత్తగా చేసే తేడా పరిమితం. చిన్న వానను మాత్రం పాత నేల మొత్తంగా మింగేసేది, ఇప్పుడు ఆ మింగే నేలే లేదు.

వరద అంటే ఇళ్లలోకి నీళ్లు రావడం అనే దృష్టితో చూస్తే ఈ చిన్న వానలు లెక్కలోకి రావు. వాగు కోత అనే దృష్టితో చూస్తే లెక్కంతా వీటిదే. ఈ రెండు దృష్టులను కలిపేయడం వల్లే గందరగోళం.

## ముందు పూడుతుంది, ఆ తర్వాతే తెగుతుంది

మట్టి లెక్క ఇంకా మెలికగా ఉంటుంది. ఎం. గోర్డన్ వోల్మన్ 1967లో అమెరికాలోని మేరీలాండ్ వాగుల ఆధారంగా ఒక క్రమాన్ని వివరించాడు, ఇప్పటికీ దాన్నే ఎక్కువమంది మొదటి మెట్టుగా తీసుకుంటారు. అడవి ఉన్నప్పుడు వాగుకు చేరే మట్టి చాలా తక్కువ. సాగు మొదలయ్యాక పెరుగుతుంది, ఏడాదికి చదరపు మైలుకు కొన్ని వందల టన్నుల దాకా. నిర్మాణం జరిగే రెండు మూడేళ్లలో మట్టి బట్టబయలుగా ఉంటుంది కదా, అప్పుడు వేల టన్నులకు ఎగబాకుతుంది, చిన్న చిన్న సైట్లలో చదరపు మైలు లెక్కన చూస్తే లక్ష టన్నులు దాటిన సందర్భాలూ ఆయన నమోదు చేశాడు. ఆ మట్టంతా వాగులో మేట వేస్తుంది, వాగు ఇరుకవుతుంది.

తర్వాత రోడ్లు, ఇళ్లు, లాన్లు పూర్తవుతాయి. మట్టి రావడం ఒక్కసారిగా పడిపోతుంది. నీళ్లు మాత్రం ఇదివరకటికన్నా ఎక్కువ, అదీ వేగంగా. ఇసుక మోయగల బలం ఉండి మోయడానికి సరుకు లేని నీటిని ఈ రంగంలో 'ఆకలిగొన్న నీరు' అంటారు. ఆ ఆకలి తీర్చుకునేది వాగు అడుగునుంచి, గట్లనుంచే. ముందు నిర్మాణ కాలపు మేటను తినేస్తుంది, అది అయిపోయాక అసలు గట్టును పట్టుకుంటుంది.

ఈ క్రమం కాగితం మీది ఊహ కాదనడానికి అదే మేరీలాండ్‌లోని వాట్స్ బ్రాంచ్ అనే చిన్న వాగు సాక్ష్యం. లూనా లియోపోల్డ్ అనే పరిశోధకుడు 1953లో అక్కడ వాగు అడ్డకోతలను, అంటే ఒక గట్టు నుంచి ఎదుటి గట్టు దాకా వాగు వెడల్పునూ లోతునూ, కొలవడం మొదలుపెట్టాడు, ఆ కొలతలు నాలుగు దశాబ్దాలు సాగాయి. పట్టణం పెరుగుతుంటే వాగు పెద్దదవుతుందని అనుకుంటే మొదట్లో జరిగింది రివర్స్, మేటలతో అది చిన్నదైంది. పెద్దదవడం ఆ తర్వాత మొదలైంది. మధ్యలో కొలతలు ఆపేసి ఉంటే పట్టణీకరణ వల్ల వాగులు పూడతాయని తీర్పు చెప్పేసి ఉండేవాళ్లేమో.

ఈ సమయపు తేడా వల్లే బాధ్యత ఎవరిదో తేలదు. లేఅవుట్ కడుతున్నప్పుడు వాగు బురదతో నిండితే ఫిర్యాదులు వస్తాయి, నిర్మాణం అయిపోగానే నీళ్లు తేటపడతాయి, సమస్య తీరిందనుకుంటారు. అసలు కోత మొదలయ్యేది అప్పుడు.

ఆ కోత ఎంత మట్టిని తేగలదో కాలిఫోర్నియాలోని శాన్ డియాగో క్రీక్ మీద స్టాన్లీ ట్రింబుల్ చేసిన అధ్యయనం చూపించింది. 1983 నుంచి 1993 దాకా కొలిస్తే, ఆ పట్టణీకరణ జరుగుతున్న పరీవాహకం నుంచి దిగువకు పోయిన మట్టిలో దాదాపు మూడింట రెండు వంతులు వాగుల అడుగు, గట్ల నుంచి వచ్చిందే. వీధుల్ని ఊడ్చినా, సైట్ల చుట్టూ అడ్డుకట్టలు వేసినా ఆ రెండు వంతులకు ఏమీ కాదు.

## అడుగు దిగాక గట్టు కూలే తీరు

కోత సాధారణంగా కిందికి మొదలై పక్కలకు పాకుతుంది. అడుగులో ఎక్కడో ఒక చోట చిన్న మెట్టులా తెగుతుంది, నీళ్లు ఆ మెట్టు మీంచి దూకుతూ దాని మొదలును తవ్వుతాయి, మెట్టు విరిగి ఒక అడుగు వెనక్కి జరుగుతుంది. అలా ఆ మెట్టు ఎగువకు ప్రయాణం చేస్తుంది. అందుకే ఏ కట్టడమూ లేని పైభాగంలో కూడా వాగు అకస్మాత్తుగా దిగిపోవడం చూస్తాం, కారణం దిగువన ఉంటుంది. రోడ్డు కింద కల్వర్టు అడ్డం వస్తే మెట్టు అక్కడ ఆగుతుంది. కల్వర్టుకు ఎగువన వాగు బాగానే ఉంటుంది, దిగువన తూము నోటి కింద లోతైన మడుగు పడి నీళ్లు జలపాతంలా దూకుతుంటాయి. ఆ కల్వర్టును తీసి పెద్దది కట్టేటప్పుడు ఈ సంగతి గమనించకపోతే ఆగిన కోత మళ్లీ ఎగువకు బయల్దేరుతుంది.

అడుగు దిగే కొద్దీ గట్టు ఎత్తు పెరుగుతుంది. మట్టి గట్టు ఏదైనా ఒక ఎత్తు దాకానే నిలువుగా నిలబడగలదు, అది మట్టి జిగట మీద, వేర్ల పట్టు మీద ఆధారపడి ఉంటుంది. గట్టును పట్టి ఉంచే వేర్లలో ఎక్కువ భాగం పైనున్న మీటరు లోపలే ఉంటాయి. వాగు అడుగు అంతకన్నా కిందికి పోయిందంటే నీళ్లు వేర్ల కింద మట్టిని తొలుస్తాయి, పైన చెట్టు, దాని కింద ఖాళీ. కొన్నాళ్లకు చెట్టు వాగులోకి వాలుతుంది, పడిపోయేటప్పుడు పెద్ద మట్టి పెళ్లను తనతో లాక్కుపోతుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. గట్లు వరద ఉద్ధృతంగా ఉన్నప్పటికన్నా అది దిగిపోయాకే ఎక్కువగా కూలతాయి. నీళ్లు నిండుగా ఉన్నంతసేపు గట్టు తడిసి బరువెక్కుతుంది, కానీ ఎదుట ఉన్న నీరే దానికి ఆసరాగా ఉంటుంది. పట్టణ వాగులో నీరు ఎంత తొందరగా ఎక్కుతుందో అంత తొందరగా దిగిపోతుంది. గట్టు లోపలి తేమ బయటికి రావడానికి టైము ఉండదు. ఆసరా పోయి, బరువు మిగిలి, మట్టి లోపల నీటి ఒత్తిడి అలాగే ఉండి, పెళ్లలు పెళ్లలుగా జారుతుంది. వరద తగ్గింది కదా అని గట్టు అంచున నిలబడి చూసేవాళ్లకు అసలు ప్రమాదం అప్పుడే.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ఇది తనను తాను పెంచుకునే జబ్బు కావడం. మామూలు వాగు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి గట్లు పొర్లి పక్క పల్లపు నేలల మీద పరుచుకుంటుంది, దాంతో నీటి బలం చెదిరిపోతుంది. అడుగు దిగిన వాగులో పెద్ద వరద కూడా గట్లు దాటదు. ఆ బలమంతా వాగు లోపలే ఉండిపోతుంది, లోతు పెరిగితే ఈడ్పు పెరుగుతుందని పైన చూశాం కదా, అడుగు ఇంకా దిగుతుంది.

దీనికి అంతం ఉండదా అంటే, ఉంటుంది. 1980ల్లో స్టాన్లీ షుమ్ తదితరులు వర్ణించిన దశల ప్రకారం వాగు ముందు లోతవుతుంది, తర్వాత గట్లు కూలి వెడల్పవుతుంది, కూలిన మట్టి అడుగున మేట వేస్తుంది, చివరికి పాత వాగుకన్నా కింద, పెద్ద గాడిలో ఒక చిన్న కొత్త వాగు కుదురుకుంటుంది. గట్టి రాతిపొర తగిలితే లోతు అక్కడే ఆగి వెడల్పు మొదలవుతుంది. మెత్తటి ఒండ్రు నేలలో ఇదంతా దశాబ్దాలు పట్టొచ్చు. ఈలోగా పైన మళ్లీ కొత్త లేఅవుట్ వస్తే లెక్క మళ్లీ మొదటికి.

## ఎంత శాతం దాటితే ముప్పు?

పది శాతం అనే అంకె ఎక్కువగా వినిపిస్తుంది. పరీవాహకంలో పది శాతం నేల కప్పేసేదాకా వాగు బాగానే ఉంటుందని, ఇరవై అయిదు దాటితే కోలుకోదని. 1990ల్లో వచ్చిన ఈ అంకెలు ప్లానింగ్ వాళ్లకు సులువుగా ఉండటంతో నాటుకుపోయాయి. వీటిని రూలులా తీసుకోకూడదు. పదికన్నా తక్కువలోనే మార్పు మొదలైన వాగులు ఉన్నాయి, నీరు నేరుగా కలవని చోట పది దాటినా కాస్త నిలదొక్కుకున్నవీ ఉన్నాయి. వాలు, నేల రకం, అడుగున రాయి ఉందా ఇసుక ఉందా, గట్టున చెట్లున్నాయా అన్నవి ఆ అంకెను అటూ ఇటూ జరుపుతాయి. తొమ్మిది శాతం దగ్గర ఆపేశాం కాబట్టి సేఫ్ అని చెప్పడం మాత్రం కుదరదు.

ప్రతి కోతనూ పట్టణం మీదికి నెట్టడమూ సరికాదు. ఇసుక తవ్వకాలు, వాగును తిన్నగా చేయడం, ఎగువన కట్టిన ఆనకట్ట, పశువులు తొక్కిన గట్లు కూడా ఇదే పని చేస్తాయి. వాగును తిన్నగా చేస్తే దూరం తగ్గి వాలు పెరుగుతుంది, వాలు పెరిగితే ఈడ్పు పెరుగుతుంది, నీటి పరిమాణం రవ్వంత మారకపోయినా సరే.

## కుంట తవ్వితే చాలదా?

చాలా దేశాల్లో వాననీటి రూల్స్ ఇలా ఉంటాయి: కట్టడం తర్వాత సైటు నుంచి బయటికి పోయే గరిష్ఠ ప్రవాహం, కట్టడానికి ముందున్న దాన్ని మించకూడదు. దానికోసం ఒక డిటెన్షన్ పాండ్ తవ్వి, చిన్న తూము పెట్టి, నీటిని నిలబెట్టి వదులుతారు. వరద ముంపు తగ్గించడానికి ఇది పనికొస్తుంది. కోత విషయంలో మాత్రం దీనికో లొసుగు ఉంది.

పైన చెప్పిన హెక్టారు లెక్కనే తీసుకుంటే, పది వేల లీటర్లు పారే చోట ఇప్పుడు 90 వేల లీటర్లు పారుతున్నాయి. కుంట నీటిని ఆపుతుందే కానీ మాయం చేయదు. తొమ్మిది రెట్ల నీటిని పాత వేగం దాటకుండా వదలాలంటే తొమ్మిది రెట్ల సేపు వదలాలి. ఆ పాత గరిష్ఠ వేగం రాయిని కదిలించే హద్దుకు పైన ఉందనుకోండి, అప్పుడు ఇదివరకు అరగంట సాగిన కోత ఇప్పుడు గంటల తరబడి సాగుతుంది. కాగితం మీద నిబంధన పాటించినట్టే, కింద వాగు మాత్రం మరింత తెగుతుంది. కుంటలో ఇసుక కూడా ఆగిపోతుంది కాబట్టి వదిలే నీరు ఇంకా ఆకలిగా ఉంటుంది. నాలుగైదు సైట్ల కుంటలు ఆలస్యంగా వదిలే నీళ్లు దిగువన ఒకే సమయానికి కలిస్తే అక్కడి ప్రవాహం తగ్గడానికి బదులు పెరిగే అవకాశమూ ఉంది.

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నాలు జరిగాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం పశ్చిమ భాగంలో అమలవుతున్న నిబంధన గరిష్ఠ ప్రవాహంతో పాటు వ్యవధినీ చూస్తుంది. రెండేళ్లకొకసారి వచ్చే ప్రవాహంలో సగం నుంచి, 50 ఏళ్లకొకసారి వచ్చే ప్రవాహం దాకా, ఏ స్థాయి ప్రవాహం ఎంతసేపు ఉండాలన్నది కట్టడానికి ముందు ఉన్నట్టే ఉండాలి. కింది హద్దు రెండేళ్ల ప్రవాహంలో సగం దగ్గరే పెట్టడంలో ఉంది విషయమంతా, చిన్న వానలు లెక్కలోకి వచ్చాయి. కుంటలు చాలా పెద్దవి కావాలి, జాగా ఎక్కువ పోతుంది, బిల్డర్లకు అందుకే నచ్చదు.

## గోడ కట్టిన చోట, దాని దిగువన

గట్టు కూలగానే రిటైనింగ్ వాల్ కట్టడమో, వైరు బుట్టల్లో రాళ్లు నింపి పేర్చడమో జరుగుతుంది. ఇల్లు పడిపోయేలా ఉన్నప్పుడు ఇంకో దారి ఉండకపోవచ్చు, దాన్ని తప్పుపట్టలేం. కాకపోతే నున్నటి గోడ పక్కన నీళ్లు వేగంగా పోతాయి, ఆ గట్టు నుంచి దొరికే మట్టి కూడా ఆగిపోతుంది, కాబట్టి గోడ అయిపోయిన చోటున గానీ ఎదుటి గట్టున గానీ కోత పెరుగుతుంది. ఒకరి గోడ చూసి ఇంకొకరు కడతారు, చివరికి వాగు పొడుగునా కాంక్రీటు కాలువ అవుతుంది, బలమంతా ఆ కాలువ చివరకు చేరుతుంది.

అంతకన్నా ముఖ్యం, అడుగు ఇంకా దిగుతున్న దశలో గోడ కడితే పునాది కింద మట్టే పోతుంది. కొత్త గోడలు రెండు మూడు సీజన్లకే ముందుకు ఒరగడం వెనక తరచూ ఉండేది సిమెంటు నాణ్యత కాదు, ఇదే.

## నష్టం తేలే చోట్లు

వాగు పక్కన పల్లం ఉంటుంది కాబట్టి మురుగు పైపులు ఎక్కువగా వాగు వెంబడే, దాని అడుగు కిందుగా వేస్తారు. అడుగు దిగితే పైపు బయటపడుతుంది, కొట్టుకొచ్చిన దుంగ తగిలితే పగులుతుంది. వంతెన పునాదులకూ అదే ముప్పు. దిగువన చెరువుంటే అది పూడుతుంది, మట్టితో పాటు వచ్చే భాస్వరం వల్ల నాచు పెరుగుతుంది. అంతగా కంటికి కనిపించని నష్టం ఇంకోటి ఉంది. లోతుగా దిగిన వాగు పక్క నేలల్లోని తేమను తనలోకి లాగేస్తుంది, భూగర్భజల మట్టం కూడా దిగుతుంది, వాగొడ్డున పెరిగే చెట్లు వాగు పక్కనే ఉండి నీళ్లందక ఎండుతాయి.

## ఏది పనికొస్తుంది, ఎప్పుడు

నీరు వాగుకు చేరాక చేసేదానికన్నా చేరకముందు చేసేదే గట్టిగా పనిచేస్తుంది. కప్పు నీటిని డ్రైనులో కలపకుండా తోటలోకి మళ్లించడం, నీరు ఇంకే గుంటలు, రోడ్డు పక్క పల్లపు మొక్కల పట్టీలు, వాననీటి ట్యాంకులు. ట్యాంకు విషయంలో ఒక మెలిక ఉంది: నిండుగా ఉన్న ట్యాంకు వచ్చే వానకు ఏ సాయమూ చేయదు, ఆ నీటిని రోజూ వాడి ఖాళీ చేస్తేనే దానివల్ల వాగుకు లాభం. బంకమట్టి నేలల్లో ఇంకుడు మెల్లగా ఉంటుంది కాబట్టి గుంటలు పెద్దవి కావాలి. ఇవన్నీ ఆపేది చిన్న వానలనే, పెద్ద వరదను కాదు, అందుకే వీటిని కొందరు తీసిపారేస్తారు. కోతకు కారణం చిన్న వానలే అయినప్పుడు ఆ విమర్శకు బలం లేదు.

వాగులోనే పని చేయాల్సి వస్తే, పైకి పాకుతున్న మెట్టును రాళ్ల అడ్డుకట్టతో ఆపడం అన్నిటికన్నా లాభసాటి, ఎగువన ఉన్న వాగంతా బతుకుతుంది. వంపులు తిరిగే అందమైన కొత్త వాగును తవ్వి మొక్కలు నాటే ప్రాజెక్టులు ఫొటోల్లో బాగుంటాయి గానీ, పైనుంచి వచ్చే నీటి తీరు మార్చకుండా చేస్తే అవీ తెగుతాయి.

ఏ పని చేయాలో తేలాలంటే ముందు వాగు ఏ దశలో ఉందో తెలియాలి, దానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. పాత డ్రైను పైపు నోరు ఒక మంచి కొలబద్ద. సాధారణంగా దాన్ని వాగు అడుగుకు కాస్త పైన అమరుస్తారు. ఇప్పుడది తల ఎత్తున వేలాడుతుంటే, పైపు వేసిన ఏడాది తెలిస్తే, అడుగు ఎన్నేళ్లలో ఎంత దిగిందో దాదాపుగా చెప్పేయొచ్చు. అంతకన్నా కచ్చితంగా కావాలంటే కోత అందనంత వెనక రెండు గట్ల మీదా ఒక్కో ఇనుప మేకు శాశ్వతంగా పాతి, వాటి మధ్య టేపు లాగి, ప్రతి అర మీటరుకూ కిందికి లోతు కొలిచి రాసిపెట్టడం. ఏటా వానల తర్వాత అదే గీత మీద మళ్లీ కొలవాలి. మూడు నాలుగేళ్ల గీతలు ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే, అడుగు ఇంకా దిగుతోందా, లేక ఆగి పక్కలకు తెగుతోందా స్పష్టంగా కనిపిస్తుంది. దిగుతుంటే గోడకు పెట్టే డబ్బు ముందుగా అడుగును నిలబెట్టే పనికి పోవాలి. పక్కలకు మాత్రమే తెగుతుంటే, ఖాళీ జాగా ఉన్న చోట, గట్టు నుంచి వెనక్కి జరిగి వాగుకు ఆ వెడల్పు వదిలేయడం గోడకన్నా చవక.